కాటా ముల్లు చూసే రైతు స్కానరు పేరూ చూడాలి

ధాన్యం అమ్మేటప్పుడు మన రైతు కాటా దగ్గరే నిలబడతాడు. ముల్లు ఎక్కడ ఆగిందో చూస్తాడు. బస్తాకు కిలో తరుగు ఎక్కువ తీస్తే వీధి చివరిదాకా వినబడేలా అడుగుతాడు. ఆ మనిషే పచారీ కొట్టుకు వెళ్ళి కందిపప్పు, నూనె, బెల్లం కొన్నాక ఫోను ఎత్తి గోడమీది బొమ్మకు చూపించి, నాలుగంకెలు నొక్కి, సంచి పుచ్చుకుని వచ్చేస్తున్నాడు. డబ్బు ఎవరి ఖాతాలోకి వెళ్ళిందో చూసుకోవడం లేదు. ఈ వ్యాసం ఆ ఒక్క క్షణం గురించే.

పెద్దాపురంలోనే కాదు, సామర్లకోట, జగ్గంపేట, పిఠాపురం, ఎటు వెళ్ళినా ఇప్పుడు ఆ నలుపు తెలుపు గళ్ళ బొమ్మ కనబడని కొట్టు లేదు. పచారీ కొట్టు, టీ బడ్డీ, ఎరువుల దుకాణం, కూరగాయల రాశి, చివరికి జొన్నపొత్తులు కాల్చే బండి దాకా అన్నిటికీ అదే. పుస్తకాల్లో దాన్ని క్యూఆర్ కోడ్ అంటారు. మనవాళ్ళు ‘స్కానరు’ అంటారు. ‘ఫోన్‌పే కొట్టండి’ అనే మాట ‘డబ్బులివ్వండి’ అనే మాటకు మారుగా వచ్చేసింది. మంచిదే. చిల్లర లేదని చేతిలో రెండు చాక్లెట్లు పెట్టే బాధ తప్పింది. కానీ కొత్త సౌకర్యం వచ్చిన చోటికి కొత్త దొంగ కూడా వస్తాడు. ఆ దొంగ ఎలా పనిచేస్తాడో తెలిస్తే సగం భయం పోతుంది, సగం నష్టం ఆగుతుంది.

ఆ గళ్ళలో ఏముంది?

ఈ గళ్ళ కోడ్‌ను 1994లో జపాన్‌లో డెన్సో కంపెనీవాళ్ళు తయారుచేశారు. డబ్బు కోసం కాదు. మోటారు కార్ల విడిభాగాలు ఫ్యాక్టరీలో ఎక్కడున్నాయో లెక్క చూసుకోవడానికి. మన దేశంలో యూపీఐ పద్ధతి 2016 ఏప్రిల్‌లో ప్రారంభమైంది. అదే సంవత్సరం నవంబరు 8న పెద్ద నోట్ల రద్దు వచ్చింది. నోటు దొరకని ఆ రోజుల్లోనే చాలామంది మొదటిసారి ఫోనుతో డబ్బు పంపడం నేర్చుకున్నారు. తరువాత స్కానరు ఊరూరా పాకింది.

ఆ గళ్ళలో మంత్రం ఏమీ లేదు. డబ్బు చేరాల్సిన ఖాతా తాలూకు చిరునామా అక్షరాలుగా దాగి ఉంటుంది, అంతే. పోస్టు కవరు మీద చిరునామా రాసినట్టే అనుకోండి. పోస్టుమాన్ చిరునామా చూసి ఉత్తరం ఇస్తాడు గానీ, ఆ చిరునామా రాసింది ఎవరని అడగడు. ఫోను కూడా అంతే. గళ్ళలో ఎవరి చిరునామా ఉంటే వాళ్ళకే డబ్బు పంపిస్తుంది. ఆ కాగితాన్ని కొట్టాయన అంటించాడా, రాత్రిపూట దొంగ అంటించాడా అన్నది దానికి తెలియదు. కంటితో చూసి ఏ గళ్ళు ఎవరివో చెప్పడం మనిషికీ సాధ్యం కాదు. కనుక బొమ్మను నమ్మకూడదు. బొమ్మను చూశాక ఫోను తెర మీద వచ్చే పేరును చదవాలి.

అంటించినదాని మీద ఇంకొకటి

మధ్యప్రదేశ్‌లోని ఖజురహోలో 2025 జనవరిలో జరిగిన సంగతి చాలామంది పత్రికల్లో చదివే ఉంటారు. రాత్రి దుకాణాలు కట్టేశాక కొందరు వచ్చి, బయట ఉన్న స్కానర్ల మీద తమ స్కానర్లు అంటించి పోయారు. పెట్రోలు బంకుతో సహా అర డజను చోట్ల ఇదే పని. తెల్లవారి కొట్లు తెరిచారు, జనం వచ్చారు, కొన్నారు, డబ్బు కొట్టారు. డబ్బు మాత్రం యజమానులకు చేరలేదు. ఒక మందుల దుకాణంలో ‘ఇదేమిటి, పేరు వేరే వస్తోంది’ అని కొనుగోలుదారు చెబితే గానీ గుట్టు బయటపడలేదు. పేరు చదివిన ఒక్క మనిషి వల్ల మోసం ఆగింది. మన పాఠం అంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

ఇది మన దేశానికే పరిమితం కాదు. చైనాలో స్కానర్ల వాడకం మనకన్నా ముందే పెరిగింది. అక్కడి గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో దుకాణాల అసలు కోడ్‌ల మీద నకిలీవి అంటించి సొమ్ము కాజేసిన ఉదంతాలు 2017లోనే వచ్చాయి. అమెరికాలో ఆస్టిన్ అనే నగరంలో 2022 జనవరిలో కార్లు నిలిపేచోట రుసుము కట్టే యంత్రాల మీద నకిలీ కోడ్‌లు రెండు డజన్లకు పైగా దొరికాయి. చదువుకున్నవాళ్ళూ మోసపోయారు, పెద్ద నగరాలవాళ్ళూ మోసపోయారు. కాబట్టి ‘మేం పల్లెటూరివాళ్ళం, అందుకే మోసపోతాం’ అని తమను తాము తక్కువ చేసుకోనక్కరలేదు. తెలుసుకోవలసిన సంగతి తెలియకపోవడమే కారణం.

మన దగ్గర ఈ మోసానికి అనువైన చోట్లు ఏవి? రాత్రిపూట స్కానరును బయటే వదిలేసే కొట్లు. రోజూ చోటు మారే కూరగాయల రాశులు. ఆషాఢమాసంలో పెద్దాపురం మరిడమ్మ తల్లి జాతరకు వెలిసే తాత్కాలిక దుకాణాలు. అక్కడ అమ్మేవాడి ముఖం మనకు తెలియదు, మన ముఖం అతనికి తెలియదు. జనం తొక్కిసలాటలో పేరు చదివే తీరిక ఎవరికీ ఉండదు. అలాంటి చోటే తీరిక చేసుకోవాలి.

పేరు చదవడం ఎలా?

స్కాన్ చేయగానే తెర మీద ఒక పేరు వస్తుంది. డబ్బు పొందే ఖాతాదారు పేరు బ్యాంకు రికార్డులో ఎలా ఉందో అలాగే చూపించాలని, యూపీఐని నడిపే జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ ఆదేశించింది. 2025 జూన్ ఆఖరుకల్లా అమలు చేయాలని యాప్‌లన్నిటికీ గడువు పెట్టింది. అంతకు ముందు మనిషి తనకు నచ్చిన పేరు పెట్టుకునే వీలుండేది. ఇప్పుడు ఆ పేరు మనకు చేతిలో ఉన్న కాటా ముల్లు లాంటిది. చూడకపోతే ఎవరి తప్పు?

ఇక్కడ ఒక చిక్కు ఉంది. బోర్డు మీద దేవుడి పేరుతో కొట్టు పేరు ఉంటుంది, తెర మీద మనిషి పేరు వస్తుంది. కూరగాయలు అమ్మే ముసలమ్మ దగ్గర స్కాన్ చేస్తే హైదరాబాదులో పనిచేస్తున్న కొడుకు పేరు రావచ్చు. కొట్టాయన ఖాతా భార్య పేరు మీద ఉండవచ్చు. పేరు తేడా వచ్చినంత మాత్రాన మోసం అనుకోకూడదు. అందుకే ఒక్క ప్రశ్న వేయాలి.

‘ఏవండీ, ఫలానా పేరు వస్తోంది. మీదేనా?’

‘ఆయ్, మా అబ్బాయిదండి. కొట్టేయండి.’

అంతే. ఇంతకు మించి పెద్ద చదువు అక్కరలేదు. చదవడం రానివాళ్ళు తెరను కొట్టాయనకు చూపించి అడగవచ్చు. చూపించేది పేరు ఉన్న తెర మాత్రమే. పిన్ నొక్కే తెర ఎవరికీ చూపించరాదు. పేరుతో పాటు అంకె కూడా చూసుకోవాలి. 250కి బదులు 2,500 నొక్కి తరువాత తల పట్టుకున్నవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ఆ తరువాత కొట్టులో పెట్టె ఉంటే అది ‘ఇన్ని రూపాయలు అందాయి’ అని పలికేదాకా ఆగాలి. పెట్టె పలకకపోతే సంచి ఎత్తకుండా అక్కడే తేల్చుకోవాలి. ఇంటికి వచ్చాక తేల్చుకుందాం అంటే అది తేలే పని కాదు.

ఫోన్‌పే, గూగుల్ పే, భీమ్ యాప్‌లు తెలుగులోనూ ఉన్నాయి. చాలామంది ఇంగ్లీషులోనే ఉంచుకుంటున్నారు. ‘పే’ అంటే ఇవ్వడమో పుచ్చుకోవడమో తెలియక తడబడే మనిషి ఇంగ్లీషు తెర పెట్టుకోవడం దేనికి? ఇంట్లో చదువుకున్న పిల్లల చేత భాష తెలుగులోకి మార్పించుకోండి. రెండు నిమిషాల పని.

పోయిన డబ్బు ఎవరి నెత్తిన?

నకిలీ స్కానరుకు డబ్బు వెళ్ళిందనుకోండి. కొట్టాయన ‘నాకు రాలేదు, మళ్ళీ ఇవ్వండి’ అంటాడు. కొన్నాయన ‘మీ బల్ల మీది స్కానరుకే కొట్టాను, నేనెందుకిస్తాను?’ అంటాడు. ఇద్దరూ మంచివాళ్ళే. మధ్యలో దొంగ తప్పుకుంటాడు.

నా అభిప్రాయం దాచుకోను. కొనేవాడు పేరు చదివి అడిగి, కొట్టాయన ఔనన్నాక డబ్బు పంపితే, ఆపైన వచ్చే నష్టం కొట్టాయనదే కావాలి. తూకం రాయి ఎవరిదో, ఆ రాయికి జవాబు చెప్పాల్సింది వాళ్ళే కదా? స్కానరుకూ అదే ధర్మం. అడగకుండా, చదవకుండా నొక్కేస్తే మాత్రం కొనేవాడు కూడా పూర్తిగా తప్పించుకోలేడు. ఈ ధర్మం ఊళ్ళో పదిమందీ ఒప్పుకుంటే కొట్టాయన తన స్కానరును తానే కాపలా కాస్తాడు, కొనేవాడు పేరు చదవడం మానడు.

కొట్లవాళ్ళకు ఇది బరువేమీ కాదు. రాత్రి కొట్టు కట్టేటప్పుడు స్కానరును లోపల పెట్టుకోవాలి. ఉదయం తెరవగానే ఇంట్లోవాళ్ళ ఫోనుతో ఒక్క రూపాయి కొట్టి చూసుకోవాలి. అట్ట అంచు గోటితో తడిమి, మీద ఇంకో పొర ఉందేమో చూడాలి. ఖాతాదారు పేరును పెద్ద తెలుగు అక్షరాలతో స్కానరు పక్కనే రాయించాలి. ‘మీ స్కానరు పాతదైపోయింది, కొత్తది అంటిస్తాం’ అని వచ్చే మనిషిని, అతని గుర్తింపు చూసి, బ్యాంకుకు ఫోను చేసి తెలుసుకున్నాకే అంటించనివ్వాలి. కాటాలకు ముద్ర వేయడానికి తూనికలు కొలతల శాఖ ఉంది. స్కానరుకు ముద్ర వేసేవారు ఎవరూ లేరు. లేనప్పుడు మన కళ్ళే ముద్ర.

డబ్బు రావడానికి పిన్ అక్కరలేదు

ఇది రెండో రకం మోసం. ఇందులో రైతు కొనేవాడు కాదు, అమ్మేవాడు. పాడి గేదెనో, పాత ట్రాక్టరు తొట్టెనో, కొబ్బరికాయల లోడునో అమ్ముతామని ఫోనులో ప్రకటన పెడతాడు. అవతలి నుంచి ఫోను వస్తుంది. ‘నేను మిలిటరీలో ఆఫీసరును. చూడక్కరలేదు, ధర ఒప్పుకున్నాను. స్కానరు పంపుతున్నాను, మీరు స్కాన్ చేసి పిన్ నొక్కండి, డబ్బు మీ ఖాతాలో పడుతుంది’ అంటాడు. మిలిటరీ మాట వినగానే మనకు గౌరవం. బేరమాడలేదంటే సంతోషం. ఆ సంతోషంలో స్కాన్ చేసి పిన్ నొక్కితే డబ్బు రాదు, పోతుంది.

గట్టిగా గుర్తుపెట్టుకోవలసిన మాట ఇదే. యూపీఐలో డబ్బు పంపడానికే పిన్ కావాలి. డబ్బు అందుకోవడానికి పిన్ అక్కరలేదు, స్కాన్ చేయనక్కరలేదు, దేనికీ ‘ఓకే’ అననక్కరలేదు. కల్లంలో నిలబడ్డ మన దగ్గరికి వచ్చి ధాన్యం కొనేవాడు మన జేబులో చెయ్యి పెట్టనిస్తే డబ్బిస్తానంటాడా? పిన్ అడిగేవాడు అదే చేస్తున్నాడు.

ఇదివరలో ‘డబ్బు పంపించు’ అని అవతలివాడు మన ఫోనుకు అభ్యర్థన పంపి, దాన్ని ఒప్పుకునేలా చేసి దోచేవాడు. మనిషికీ మనిషికీ మధ్య అలాంటి అభ్యర్థనలను 2025 అక్టోబరు నుంచి ఎన్‌పీసీఐ ఆపించింది. ఒక దొంగదారి మూతపడింది. స్కానరు దారికి గడియ మాత్రం మన చేతిలోనే ఉంది.

దీనికి చెల్లెలు లాంటి మోసం ఇంకొకటి. ‘వెయ్యి పంపబోయి పదివేలు పంపేశాను, మా అమ్మ ఆస్పత్రిలో ఉంది, తొమ్మిది వేలు తిరిగి కొట్టండి’ అని ఏడుస్తారు. ఫోనులో డబ్బు వచ్చినట్టు మెసేజీ కూడా ఉంటుంది. ఆ మెసేజీ పంపింది బ్యాంకు కాదు, వాడే. ముందు బ్యాంకు నిల్వ చూసుకోండి. నిజంగానే వచ్చి ఉంటే ‘మీ బ్యాంకుకు చెప్పండి, మా బ్యాంకు ద్వారా తిరిగి పంపుతాను’ అనండి. అసలు మనిషైతే ఒప్పుకుంటాడు. దొంగైతే తిడతాడు.

కూరగాయలు అమ్మే రైతుకు

1999 జనవరి 26న రైతుబజార్లు మొదలైనప్పటి నుంచి మన చిన్న రైతులు ఎందరో స్వయంగా కూరగాయలు అమ్ముకోవడం నేర్చుకున్నారు. వంకాయ, బెండ, దొండ తెచ్చుకుని తెల్లవారుజామునే కూర్చుంటారు. వారికి ఎదురయ్యే మోసం వేరు. కొన్నవాడు ఫోను తిప్పి పచ్చటి టిక్కు గుర్తు చూపించి ‘కొట్టేశానమ్మా’ అని వెళ్ళిపోతాడు. ఆ తెర అచ్చం ఫోన్‌పే లాగే ఉంటుంది. నకిలీ యాప్ అది. పేరు, అంకె, సమయం అన్నీ ఉంటాయి, డబ్బు మాత్రం ఉండదు.

అవతలివాడి తెరను చూసి సరుకు ఇవ్వకండి. మన ఫోనులో వచ్చిందా, మన పెట్టె పలికిందా, అదే లెక్క. ఖాతా కొడుకు పేరు మీద ఉండి, ఆ ఫోను ఎక్కడో ఊళ్ళో ఉంటే, తల్లి ఇక్కడ ఎలా చూసుకుంటుంది? అందుకని అమ్మేవారి పేరు మీదే ఖాతా, అమ్మేవారి చేతిలోనే ఫోను ఉండేలా చూసుకోవడం మంచిది. ఎనభై రూపాయల కూరగాయలే కదా అనకండి. రోజుకు ఒక్కడు ఎనభై ఎగ్గొడితే నెలకు 2,400. ఆ డబ్బుతో ఇంటిల్లిపాదికీ నెల పచారీ వస్తుంది.

పంట డబ్బు వేరు, సంచి డబ్బు వేరు

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతికి వచ్చాను. సన్నకారు రైతుకు సాధారణంగా ఒకే ఖాతా. ధాన్యం డబ్బు అందులోనే. పీఎం కిసాన్, అన్నదాత సుఖీభవ అందులోనే. పంట రుణం దాని పక్కనే. ఆ ఖాతానే ఫోనుకు తగిలించి, పది రూపాయల టీకీ, కిలో ఉల్లిపాయలకీ అందులోంచే కొడుతున్నాడు.

లెక్క వేయండి. 2025-26 ఖరీఫ్‌కు సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. 75 కిలోల బస్తాకు సుమారు 1,777. ఎకరానికి ముప్పై బస్తాలు పండాయనుకుంటే దాదాపు 53 వేలు. యూపీఐలో మామూలుగా రోజుకు లక్ష రూపాయల దాకా పంపవచ్చు. అంటే నారు పోసిన నాటి నుంచి నూర్పిడి దాకా ఇంటిల్లిపాదీ పడ్డ కష్టం ఒక్క పిన్‌తో, ఒక్క నిమిషంలో పోవడానికి వీలుంది. కౌలు రైతు సంగతి ఇంకా ఘోరం. ఆ డబ్బులోంచే కౌలు కట్టాలి, షావుకారు అప్పు తీర్చాలి. పోయింది అతని ఒక్కడిదే కాదు.

విత్తనాల గింజలను తిండి గింజల గాదెలో కలుపుతామా? కలపం. డబ్బుకు మాత్రం ఆ కట్టుబాటు ఎందుకు లేదు? నా సలహా ఇది. పంట డబ్బు పడే ఖాతాను ఫోనుకు తగిలించకండి. ఇంట్లో ఇంకొకరి పేరు మీదనో, ఇంకో బ్యాంకులోనో, పోస్టాఫీసులోనో ఒక చిన్న ఖాతా పెట్టుకోండి. నెలకు ఇంటి ఖర్చుకు కావలసిన రెండు మూడు వేలు అందులో వేసుకోండి. ఆ ఖాతాకే ఫోను తగిలించండి. దొంగ చెయ్యి పెట్టినా సంచిలో ఉన్నదే పోతుంది, గాదె మిగులుతుంది.

ఇంకో మార్గమూ ఉంది. యాప్‌లలో యూపీఐ లైట్ అనేది చిన్న డబ్బాలాంటిది. 2024 డిసెంబరులో రిజర్వు బ్యాంకు దాని పరిమితిని పెంచింది. అందులో 5,000 దాకా ఉంచుకోవచ్చు, ఒక్కసారికి 1,000 దాకా ఖర్చు పెట్టవచ్చు. పిన్ నొక్కనక్కరలేదు గనుక కొట్లో పక్కవాడు మన పిన్ చూసే భయం ఉండదు. అయితే ఫోనుకు తాళం పెట్టుకోవాలి. ఫోను పోతే అందులో ఉన్నది కూడా పోవచ్చు.

పిన్ కొట్టాయనకు చెప్పడం

ఈ అలవాటు గురించి మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. కళ్ళు సరిగా కనబడని పెద్దవాళ్ళు ఫోను కొట్టాయన చేతికిచ్చి, ‘నువ్వే కొట్టుకో నాయనా, ఫలానా అంకెలు’ అని పదిమంది ముందూ పైకి చెప్పేస్తున్నారు. కొట్టాయన బంగారంలాంటి మనిషే కావచ్చు. వెనక నిలబడ్డవాడు ఎవరు? బీరువా తాళం నమ్మకస్తుడికైనా పదిమంది ముందూ ఇస్తామా?

2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వుల్లో ఒక మాట ఉంది. ఖాతాదారు తన రహస్య అంకెలు ఇతరులకు చెప్పడం వంటి నిర్లక్ష్యం వల్ల నష్టం వస్తే, బ్యాంకుకు తెలియజేసేదాకా ఆ నష్టం ఖాతాదారే భరించాలని. తెలియజేశాక జరిగే నష్టం బ్యాంకుది. అంటే పిన్ చెప్పడం ఒక తప్పు, ఆలస్యంగా చెప్పడం రెండో తప్పు. అలాంటి పెద్దవాళ్ళకు ఫోను కన్నా నోటే మేలు. లేదా మనవడినో మనవరాలినో వెంట తీసుకెళ్ళడం మేలు.

ఇంకొక హెచ్చరిక. వాట్సాప్‌లో ‘పీఎం కిసాన్ డబ్బు కోసం ఇది నొక్కండి’ అంటూ ఏపీకే అనే ఫైలు వస్తుంది. కరపత్రం మీదనో, పార్సెల్ మీదనో ‘స్కాన్ చేస్తే బహుమతి’ అని కోడ్ ఉంటుంది. ఇవి డబ్బు కట్టే స్కానర్లు కావు. ఫోనులోకి దొంగను పిలిచే తలుపులు. డబ్బు కట్టడానికి ఫోన్‌పే లాంటి యాప్ తెరిచి, అందులోంచే స్కాన్ చేయాలి. ఊరికే కెమెరా తెరిచి కనబడ్డ కోడ్ నల్లా స్కాన్ చేయరాదు.

మళ్ళీ నోటే మంచిది కదా?

‘ఇన్ని బాధలెందుకు, నోటు ఇచ్చేస్తే సరిపోతుంది కదా’ అనేవారున్నారు. నోటు ఇవ్వడం నామోషీ కాదు. జాతరలో, తెలియని సంతలో, చీకటిపడ్డాక నోటే మేలని నేనూ అంటాను. కానీ నోటుకూ దొంగ ఉన్నాడు. బస్సులో జేబు కత్తిరించేవాడు, దొంగ నోటు అంటగట్టేవాడు ఈనాటివాళ్ళు కారు. పైగా ఫోనుతో ఇచ్చినదానికి తేదీతో సహా లెక్క ఉంటుంది. షావుకారు ‘నువ్వు కట్టలేదు’ అంటే చూపించడానికి రుజువుంటుంది. చిన్న రైతుకు అలాంటి రుజువు గతంలో ఎన్నడూ లేదు. దొంగకు భయపడి దాన్ని వదులుకోవడం ఎలుకలకు భయపడి ఇల్లు తగలబెట్టుకోవడమే.

పోయిన వెంటనే ఏం చేయాలి?

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదంటారు. ఈ విషయంలో మాత్రం కాలిన వెంటనే పట్టుకుంటే కొంత లాభం ఉంది. దొంగ ఖాతా నుంచి డబ్బు ఇంకో ఖాతాకు మారేలోపు ఆపగలిగితే దొరికే అవకాశం ఉంది. కాబట్టి సిగ్గుపడి ఇంట్లో కూర్చోకూడదు. ‘నలుగురూ నవ్వుతారు’ అనుకున్న ప్రతి గంటా దొంగకు లాభం.

మొదట 1930 నంబరుకు ఫోను చేయాలి. ఇది సైబర్ మోసాలకు దేశమంతటా ఒకే నంబరు. ఏ బ్యాంకు, ఎంత డబ్బు, ఏ సమయం, లావాదేవీకి యాప్‌లో కనబడే పన్నెండంకెల యూటీఆర్ నంబరు, ఇవి దగ్గర ఉంచుకోవాలి. వాళ్ళిచ్చే ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. ఆ వెంటనే మన బ్యాంకుకు ఫోను చేసి ఖాతాలో యూపీఐ ఆపించాలి. తెర ఫొటోలు, మెసేజీలు తుడిచేయకూడదు. తరువాత దగ్గరి పోలీసు స్టేషనుకు వెళ్ళాలి. చదువుకున్న పిల్లలుంటే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో కూడా ఫిర్యాదు పెట్టించవచ్చు. బ్యాంకుకు కాగితం మీద రాసిచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. 30 రోజుల్లో బ్యాంకు పట్టించుకోకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దానికి ఫీజు లేదు, వకీలు అక్కరలేదు.

బ్యాంకు నంబరు కోసం ఫోనులో వెతకకండి. దొంగలు తమ నంబర్లనే అక్కడ పెట్టి కూర్చుంటారు. పాసుబుక్కు మీదో, ఏటీఎం కార్డు వెనకో ఉన్న నంబరే వాడండి. ఈ రోజే దాన్నీ, 1930నూ గోడ క్యాలెండరు మీద పెద్దగా రాసుకోండి.

బాధ్యత ఒక్క రైతుదేనా?

‘జాగ్రత్తగా ఉండండి’ అని రైతుకు చెప్పి చేతులు దులుపుకోవడం అందరికీ సులువు. బ్యాంకులు ఊరూరా స్కానర్లు అంటించేటప్పుడు చూపిన ఉత్సాహం, ఆ స్కానర్లు సరిగా ఉన్నాయో లేదో చూడడంలో చూపడం లేదు. ప్రతి స్కానరు మీదా ఖాతాదారు పేరు పెద్ద తెలుగు అక్షరాల్లో ముద్రించి, చింపితే గానీ ఊడని విధంగా బిగించి ఇవ్వడం బ్యాంకులకు ఎంత ఖర్చు? మార్కెట్ కమిటీలు, మునిసిపాలిటీలు జాతర సమయంలో దుకాణాలకు చోటిచ్చేటప్పుడు ఎవరి స్కానరు ఎవరిదో ఒక పుస్తకంలో రాయించుకోలేవా? గ్రామ సచివాలయంలో, రైతు సేవా కేంద్రంలో, డ్వాక్రా సంఘాల సమావేశాల్లో నెలకు ఒక్కసారి, అరగంట, ఫోను చేతబట్టి చూపించి చెప్పలేరా? ఇంటి సరుకులు కొనేది ఎక్కువగా ఆడవాళ్ళే. చెప్పవలసింది మొదట వాళ్ళకే.

వీళ్ళందరూ కదిలేదాకా మనం ఆగనక్కరలేదు. పురుగు కనిపించాక ఆఫీసరు వచ్చేదాకా చూస్తూ కూర్చునే రైతు ఉండడు. ఈ రోజు పచారీ కొట్టుకు వెళ్ళినప్పుడు స్కాన్ చేయండి, ఆగండి, పేరు పైకి చదవండి, ‘మీదేనా అండీ’ అని అడగండి. వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. రేపు వాళ్ళూ అలాగే అడుగుతారు. ఊళ్ళో పదిమంది అడగడం మొదలుపెడితే దొంగ స్కానరు ఒక్క పూట కూడా నిలవదు.